బావ వదిలేసిన ఖాళీ గడి

పోయిన వారం జల్లెడని వాళ్ల అక్క ఇంటి గుమ్మంలో, ఒక చెప్పు విప్పి రెండోది విప్పకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఒంటికాలి మీదే ఉంది. ముందు ఆ రెండో చెప్పు విప్పిద్దాం.

దారిలో కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. జల్లెడ అనేది ఆ అమ్మాయికి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు. చిన్నప్పుడు బియ్యంలో రాళ్లు ఏరమంటే ఏరేసి, ఆ రాళ్లని మళ్లీ నున్నటివి వేరు, గరుకువి వేరు చేసి, సాయంత్రం దాకా ఇంటిల్లిపాదినీ పస్తు పెట్టిన ఘనత ఆమెది. పెద్దయ్యాక ఆ జబ్బుకే జీతం దొరికింది. చిన్న మదుపరుల కోసం నడిచే ఒక వారపత్రికలో ఉద్యోగం. ఈటీఎఫ్‌లని ఉంటాయి. పదుల కొద్దీ కంపెనీల షేర్లు ఒక బుట్టలో వేసి, ఆ బుట్టనే ఒక్క షేరులా మార్కెట్లో అమ్మేస్తారు. అలాంటి బుట్టలు, ఫండ్లంటారు వాటిని, వేల మీద ఉన్నాయి. మన షరతులు చెబితే అందులోంచి మనకి పనికొచ్చేవి ఏరిపెట్టే వెబ్‌సైట్లు ఉన్నాయి, అదీ ఉచితంగా. వాటిలో అయిదింటిని పక్కపక్కన పెట్టి ఏది మేలో రాయడం జల్లెడ పని. మూడు నెలలు పోల్చింది. ఆ మూడు నెలల్లో ఆమె కళ్లజోడు నంబరు రెండుసార్లు పెరిగింది, కుర్చీ ఒకసారి విరిగింది, ఆఫీసులో పక్క సీటాయన పక్క ఊరికి బదిలీ అడిగి వెళ్లిపోయాడు.

ఇక అసలు సంగతి. బావ పోయి పదకొండు నెలలైంది. ఆస్పత్రిలో చివరి కాగితం మీద సాక్షి సంతకం పెట్టింది జల్లెడే. అయినా బావ దగ్గర్నుంచి అక్కకి రోజూ పొద్దున పది గంటల ఏడు నిమిషాలకి మెయిల్ వస్తూనే ఉంది.

మొదట్లో దీనికి పెద్ద వింత లేదు. బతికుండగా బావ ఆ అయిదు సైట్లలో ఒకదాంట్లో తన షరతులన్నీ పెట్టి ఒక ఫిల్టర్ దాచిపెట్టుకున్నాడు. దానికి 'మా ఆవిడకి' అని పేరు పెట్టి, రోజూ ఫలితం అక్కకి పంపమని ఒక బటన్ నొక్కాడు. మనిషి పోయాడని సైటుకి ఎవరూ కబురు చెయ్యలేదు. అది తన పని తాను చేసుకుపోతోంది. బావ షరతులు కూడా అలాంటివి మరి. దుప్పటి కొనడానికి ఏడాదిన్నర తీసుకుని, చివరికి చలికాలం అయిపోయిందని మానేసిన మనిషి ఆయన. ఆయన జల్లెడలో ఏ ఫండూ నిలవలేదు. పదకొండు నెలలూ ఒకటే ముక్క: 'మా ఆవిడకి: నిలిచినవి 0.'

సోమవారం పొద్దున మాత్రం వేరేలా వచ్చింది. 'మా ఆవిడకి: నిలిచినవి 1.'

బావ పోయాక వచ్చిన బీమా సొమ్ము, అంటే అక్క ఇక జీవితాంతం బతకాల్సిన సొమ్మంతా, ఆ ఒక్క ఫండ్‌లో పెట్టెయ్యమని ఇవాళ పొద్దున అక్క బ్రోకర్ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పేసింది. మార్కెట్ మూసే ముందు చివరి అరగంటలో కొనమంది. బావ ఎప్పుడూ అప్పుడే కొనేవాడట. మార్కెట్ మూసేది మూడున్నరకి. జల్లెడ రెండో చెప్పు విప్పేసరికి ఒంటిగంటా నలభై.

లోపల కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. బయట ఎండ పేలిపోతుంటే ఆ హాల్లో మాత్రం నీళ్లలో మునిగినట్టు ఉంది వెలుతురు. భోజనాల బల్ల దగ్గర నాలుగు కుర్చీలు. బావ కూర్చునే కుర్చీ కొంచెం వెనక్కి లాగి ఉంది, ఇప్పుడే ఎవరో చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లినట్టు. ఆ కుర్చీ ముందు, సరిగ్గా పళ్లెం పెట్టే చోట, బావ ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దాని పక్కన మంచినీళ్ల గ్లాసు, మీద మూత.

నీళ్లెవరికని జల్లెడ అడగలేదు. కొన్ని ప్రశ్నలు జల్లెడలో నిలుస్తాయి, గొంతు దాటి మాత్రం రావు.

అక్క వంటింట్లోంచి వచ్చి, చప్పుడు చెయ్యకుండా కూర్చోమంది. ఫిల్టర్ నడుస్తోందట. పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారన్నంత మెల్లిగా చెప్పింది ఆ మాట. సోమవారం నుంచీ ల్యాప్‌టాప్ మూసెయ్యలేదట. మూస్తే ఆయనకి ఊపిరాడదేమో అనిపిస్తోందట. ఇది చెప్పి కూరగాయల సంచి మడతపెట్టి సొరుగులో పెట్టింది. మాటకీ చేతికీ ఏ సంబంధమూ లేనట్టుంది. అక్క ఏడుస్తుంటే జల్లెడ ఎప్పుడూ భయపడలేదు. ఇంత కుదురుగా ఉంటేనే భయం.

ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడానికి బావ కుర్చీ తప్ప దారి లేదు. జల్లెడ కూర్చుంది. కుర్చీ వెచ్చగా ఉంది. ల్యాప్‌టాప్ గాలి అటే కొడుతోందని తనకి తాను సర్దిచెప్పుకుంది. గాలి ఎదురుదిక్కుకి కొడుతోందని గమనించి, ఆ సంగతి పక్కన పెట్టింది.

స్క్రీన్ మీద ఆ ఒక్క ఫండ్. చూడ్డానికి అంతకన్నా యోగ్యుడు ఈ లోకంలో లేడు. నిర్వహణ ఖర్చు సున్నా. ఊగిసలాట సున్నా. నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా నష్టం లేదు. ఇలాంటి సంబంధం వస్తే ఎవరైనా కళ్లు మూసుకుని తాంబూలాలు మార్చుకుంటారు. జల్లెడకి మాత్రం గుణాలు ఎక్కువైన కొద్దీ అనుమానం ఎక్కువవుతుంది. ధర గీత తెరిచి చూసింది. మొదట్లో మామూలుగానే కొండలూ లోయలూ ఉన్నాయి. నాలుగేళ్ల కిందట ఒక బుధవారం నుంచి ఒక్కటే అడ్డగీత. స్కేలు పెట్టి గీసినట్టు, ఇవాళ్టి దాకా.

అక్క ఆ గీత వైపు చూసి, మొహం తిప్పుకుంది. అలాంటి గీత ఆవిడ ఇదివరకు ఒకసారి చూసింది, ఇంకో తెర మీద.

"అక్కా, ఇది నువ్వు కొనకూడదు," అంది జల్లెడ.

"నువ్వు పెట్టిన షరతులా అవి? ఆయన పెట్టినవి. ఆయన ఏరింది ఆయనే పంపాడు."

"బావ పంపలేదు. సైటు పంపింది."

"సైటు మంచిదని రాసిందెవరే?"

అదీ దెబ్బ. ఆ సైటుకి మొదటి ర్యాంకు ఇచ్చింది జల్లెడే. అయిదు సైట్లకీ ఆమె ఆఫీసులో ముద్దుపేర్లు పెట్టుకుంది. మొదటిది గుమాస్తా, గుక్క తిప్పుకోకుండా నలభై ప్రశ్నలు అడుగుతుంది. రెండోది బడాయి, ఒక్క అంకె అడిగితే ఆరు రంగుల బొమ్మ చూపిస్తుంది. మూడోది పీనాసి, మూడు వరసలు చూపించి మిగతావాటికి తాళం వేస్తుంది. నాలుగోది చాదస్తం, నిన్నటి ధరలు తప్ప నమ్మదు. అయిదోదే ఇది, పెద్దమనిషి. ఏం అడిగినా కాదనదు, తప్పు రాశావని ఎర్రక్షరాల్లో గద్దించదు. ఆ మర్యాద చూసే జల్లెడ పడిపోయింది. పత్రికలో ముప్పావు పేజీ మెచ్చుకుంది. ఆ పేజీ ఇప్పుడు అక్క ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది.

ఇక జల్లెడ తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేసింది. బావ షరతులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పొల్లు పోకుండా మిగతా నాలుగు సైట్లలోనూ పెట్టింది. పెడుతున్నంతసేపూ అక్క వెనక నిలబడి చూసింది. గుమాస్తా: సున్నా. బడాయి: రంగురంగుల సున్నా. పీనాసి: సున్నా, దానికీ తాళం. చాదస్తం: నిన్నటి సున్నా. పెద్దమనిషి దగ్గర మాత్రం ఒకటి.

అయిదు జల్లెళ్లు, ఒకే బియ్యం, ఒకే రంధ్రాలు. నాలుగింటిలో ఏమీ నిలవలేదు. ఒక్కదాంట్లో ఒకటి నిలిచింది. అంటే తేడా రంధ్రాల్లో లేదు, బియ్యంలో ఉంది. పెద్దమనిషి జల్లెడలో మిగతా నాలుగూ పొయ్యనిది ఏదో పోస్తోంది.

రెండుంబావు అయింది. జల్లెడ షరతుల కాగితాన్నీ తెరనీ గడి గడికీ సరిచూసింది. మొత్తం పదకొండు గడులు. పది నిండి ఉన్నాయి. చిట్టచివరి గడి పేరు 'స్థితి'. అందులో బావ ఏమీ నింపలేదు.

అప్పుడు దొరికింది తన తప్పు. మూడు నెలలు పోల్చింది, మూడు వందలసార్లు ఈ గడులు నింపింది, ఒక్కసారి కూడా ఏ గడీ ఖాళీగా వదల్లేదు. వదల్లేదు కాదు, వదలడం ఆ పిల్ల వల్ల కాదు. బస్సు టికెట్ వెనక ఖాళీ ఉన్నా ఏదో ఒకటి రాసి నింపుతుంది. ఖాళీగా వదిలితే సైటు ఏమనుకుంటుందన్నది ఆమె పరీక్షలోనే లేదు. బావ సంగతి వేరు. ఆయనకి పేచీ లేని చోట ఆయన ఏమీ రాయడు. పెళ్లిచూపుల్లో ఏమైనా అడగమంటే కూడా ఊరికే కూర్చున్నాడట. పేచీ లేదు కాబట్టి.

పేజీ అడుగున, చీమలు సిగ్గుపడేంత చిన్నక్షరాల్లో ఒక ప్రకటన ఉంది. ఆదివారం నుంచి సైటు కొత్త రూపంలో అందుబాటులో ఉందట. ఇకపై మూతపడిన ఫండ్లు కూడా జాబితాలో ఉంటాయట. నాలుగు సైట్లలో 'స్థితి' గడి ఖాళీగా వదిలితే నడుస్తున్నవి మాత్రమే అని అర్థం. పెద్దమనిషి దగ్గర ఆదివారం నుంచి దాని అర్థం మారింది. బతికున్నవీ పోయినవీ, రెండూ పర్వాలేదని.

పోయిన ఫండ్‌కి ఖర్చేముంటుంది, ఊగిసలాటేముంటుంది. బావ షరతులన్నీ తీర్చగలిగింది ఈ లోకంలో లేనిదొక్కటే. ఈ మాట తోచాక జల్లెడకి కాసేపు గదిలోకి చూడబుద్ధి కాలేదు.

అక్కకి విడమరిచి చెప్పింది. ఈ ఫండ్ నాలుగేళ్ల కిందటే మూతపడిందని, ఉత్త పేరూ అంకెలూ మిగిలాయని. అక్క వింది. విని, అయితే భయమేముంది, లేని ఫండ్‌ని వాళ్లు మాత్రం ఎలా కొంటారు, డబ్బు అలాగే ఉంటుంది కదా అంది. అదీ సబబుగానే ఉంది. కాని బ్రోకర్ ఆఫీసుకి అక్క చెప్పింది ఫండ్ పేరు కాదు, నాలుగక్షరాల కోడ్. ఒక ఫండ్ పోయాక దాని కోడ్ ఊరికే ఉండదు. కొన్నాళ్లకి ఇంకో ఫండ్‌కి ఇచ్చేస్తారు, ఖాళీ అయిన ఇంటి వాటాలోకి కొత్తవాళ్లు అద్దెకి దిగినట్టు. తలుపు మీద నంబరు అదే, లోపల మనుషులు వేరు. జల్లెడ ఆ కోడ్‌ని బడాయిలో కొట్టి చూపించింది. ఇప్పుడు ఆ వాటాలో కాపురం ఉంటున్నది అప్పు చేసి ఆడే బుట్ట. మార్కెట్ ఒక మెట్టు దిగితే ఇది మూడు మెట్లు దిగుతుంది. మార్కెట్ మళ్లీ ఎక్కినా ఇది పాత మెట్టు మీదికి రాదు, మధ్యలో ఎక్కడో ఒక మెట్టు తినేస్తుంది. రోజువారీ జూదగాళ్లు పొద్దున కొని సాయంత్రం వదిలించుకునే సరుకు. జీవితాంతం దాచుకునేది కాదు.

"అంటే ఆయన చెప్పింది తప్పంటావు," అంది అక్క.

"బావ ఏమీ చెప్పలేదక్కా. ఆ గడిలో ఏమీ చెప్పకుండా వదిలేశాడు. ఇది దాంట్లోంచి వచ్చింది."

అక్క వంగి తెర దగ్గరగా చూసింది. తర్వాత, నిజమైతే చేసి చూపించమంది. జల్లెడ 'స్థితి' గడి నొక్కి, 'నడుస్తున్నవి' అని ఎంచింది. తెర ఒకసారి తెల్లబడింది. ఫండ్ పేరు పోయింది, అడ్డగీత పోయింది. 'మా ఆవిడకి: నిలిచినవి 0.' ల్యాప్‌టాప్ లోపల తిరుగుతున్న ఫ్యాను ఉన్నట్టుండి ఆగింది. దాని చప్పుడు అప్పటిదాకా ఇద్దరి చెవికీ ఎక్కలేదు, ఆగాకే తెలిసింది.

అక్క రెండు చేతులూ బల్ల అంచు మీద వేసి గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ ఖాళీ చెయ్యి."

"అక్కా..."

"ఖాళీ చెయ్యవే. ఒక్కసారి చూస్తాను."

జల్లెడ ఖాళీ చేసింది. నిలిచినవి 1. ఫ్యాను మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. అక్క గుండెల నిండా గాలి పీల్చుకుంది. రెండింటిలో ఏది ముందు మొదలైందో జల్లెడ చెప్పలేకపోయింది.

గడియారం రెండూ యాభై చూపిస్తోంది. జల్లెడ ఇంక లెక్కలు చెప్పలేదు. బావకి ఏది ఇష్టమో నీకు నాకంటే బాగా తెలుసంది. దుప్పటి దగ్గర అంత ఆలోచించిన మనిషి, నువ్వు ఇంటద్దె ఎలా కట్టుకుంటావన్న దగ్గర ఒక్క పూటలో తేల్చమంటాడా అంది. ఆ మాటకి అక్క పెదవి చివర కదిలింది. నవ్వు కాదు గాని, నవ్వు ఒకప్పుడు కాపురం ఉన్న చోటు అని తెలుస్తోంది.

"ఫోనివ్వు," అంది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచారు. బ్రోకర్ ఆఫీసులో ఎత్తింది ఎవరో కొత్తమ్మాయి. ఉద్యోగంలో చేరి రెండు వారాలైందని అడక్కుండానే చెప్పి, తప్పులుంటే క్షమించమంది. అక్క తన పేరూ ఖాతా నంబరూ చెప్పి, పొద్దున ఇచ్చిన ఆర్డర్ వద్దని, వెంటనే రద్దు చెయ్యమని చెప్పింది. జల్లెడ గట్టిగా ఊపిరి వదిలింది. గండం గడిచినట్టే అనుకుంది.

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత ఆ అమ్మాయి కొంచెం ఇబ్బందిగా, ఆ ఆర్డర్ ఇప్పుడు లేదండీ అంది.

కొనేశారా అని జల్లెడ అడిగింది.

"లేదండీ. పదకొండు గంటలకే రద్దయిపోయింది. సార్ ఫోన్ చేశారు కదా."

ఏ సార్ అని ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఆ అమ్మాయి చెప్పింది. ఈ ఖాతాలో సార్ పేరు కూడా ఉంది కాబట్టి మాట తీసుకున్నానంది. ఖాతాలోంచి బావ పేరు తీయించమని జల్లెడ మూడుసార్లు ఫారాలు తెచ్చిచ్చింది. అక్క మూడుసార్లూ తీసుకుని, భద్రంగా ఎక్కడో పెట్టి, మర్చిపోయింది.

"రహస్య ప్రశ్నకి జవాబు కూడా సరిగ్గానే చెప్పారండీ. 'మా ఆవిడ తొందరపడింది, ఆ కోడ్ ఇప్పుడు పాత ఫండ్‌ది కాదు, కొనొద్దు' అన్నారు. మీరు ఫోన్ చేస్తే కంగారు పడొద్దని చెప్పమన్నారు."

జల్లెడ అక్క వైపు చూసింది. ఆ జవాబు ఇంకెవరికి తెలుసని కళ్లతోనే అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది. ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. ఆ ఇద్దరిలో ఒకరు ఇక్కడే కూర్చుని ఉన్నారు. కోడ్ చేతులు మారిన సంగతి జల్లెడకే పది నిమిషాల కిందట తెలిసింది. పదకొండు గంటలకి అది తెలిసినవాళ్లు ఎవరు?

ఎవరో మోసగాడు, ఖాతా వివరాలు దొంగిలించాడు, ఇప్పుడే అంతా స్తంభింపజెయ్యాలి అని జల్లెడ బుర్ర గబగబా ఒక్కో రాయీ ఏరుతోంది. కాని ఏ మోసగాడు ఫోన్ చేసి ఒకరి డబ్బు పోకుండా కాపాడతాడన్న దగ్గర జల్లెడ రంధ్రాలన్నీ పూడుకుపోయాయి.

"మేడమ్, మీరు లైన్లో ఉన్నారా?" అంది ఆ అమ్మాయి. "సార్ ఇప్పుడే మళ్లీ చేశారండీ, ఇంకో లైన్లో ఆగి ఉన్నారు. మీరు మాట్లాడుతున్నారని చెప్తే, తొందరేం లేదు, ఉంటానన్నారు. కలపమంటారా?"

జల్లెడ ఫోన్ కట్ చెయ్యడానికి చెయ్యి చాపింది. అక్క ఆ చేతిని పట్టుకుంది. గట్టిగా కాదు, చిన్నపిల్లని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు.

"కలపండి," అంది అక్క.

టక్‌మని లైను మారింది. అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇవతల అక్క జుట్టు సవరించుకుంది.